ఎదురుగాలిలో తొక్కుడు తెరచాప పడవ

నేను వైద్యవృత్తి నుంచి విరమించే నాటికే నా మోకాళ్ళు పరుగుకు సెలవు చెప్పాయి. నడక మిగిలింది. టెక్సస్ వేసవిలో ఎండ నడినెత్తికి వచ్చాక ఆ నడక కూడ సాగదు. ఈత కొలనులో గోడ నుంచి గోడకు ఎన్ని మార్లు ఈదినా నాకు కాలము గడవదు. ఆ రోజులలో ఒక మిత్రుడు తన తొక్కుడు పడవను నాకు ఒక పూట ఇచ్చాడు. మరుసటి నెలలో అటువంటి పాత పడవనే నేను కొనుక్కున్నాను. ఆ పడవ వలన నా గుండెకు, కాళ్ళకు, మనస్సుకు కలిగిన మేలు గురించి వ్రాయాలని చాలా కాలముగా అనుకుంటున్నాను. అయితే మేలు గురించి మాత్రమే వ్రాస్తే అది సగము నిజమే అవుతుంది. మూడు సంవత్సరముల క్రిందట, నా డెబ్బయ్యవ ఏట, ఒక మార్చి మధ్యాహ్నము ఆ పడవలో నేను చేసిన తప్పులు కూడ మీకు చెప్పాలి. వాటిలో రెండు వైద్యుడు చేయకూడని తప్పులు.

ముందు పడవ స్వరూపము చెబుతాను. దీనిని తెరచాప కయాక్ అంటారు. నేను కొన్నది హోబీ సంస్థ వారిది. పొడవు సుమారు 5 మీటర్లు. మనిషి ఒక్కడు కాళ్ళు చాపుకొని కూర్చునేటంత వెడల్పు. ఇరువైపులా లోహపు చేతులతో బిగించిన రెండు సన్నని తెప్పలు ఉంటాయి. వాటిని పూర్తిగా విప్పితే పడవ వెడల్పు దాదాపు 3 మీటర్లు అవుతుంది. ఈ పక్కతెప్పలే పడవను బోర్లాపడకుండ కాపాడుతాయి. ముందు ఒక సన్నని కొయ్య, దానికి 5 చదరపు మీటర్లకు పైబడిన తెరచాప. ఒక తాడు లాగితే ఆ కొయ్య తన చుట్టూ తాను తిరిగి తెరచాపను చాప చుట్టినట్లు చుట్టుకుంటుంది. దానిని చుట్టుతాడు అందాము. తెరచాపను గాలికి బిగించే మరొక తాడును పగ్గము అందాము. తెరచాప అడుగున అడ్డుకొయ్య లేదు కనుక అది గిర్రున తిరిగి తలకు తగిలే భయము లేదు. రక్తము గడ్డకట్టకుండ మందు తీసుకునే నావంటి వాడికి అది చిన్న విషయము కాదు.

ఇక కాళ్ళ సంగతి. 1997లో ఆ సంస్థ వారు ప్రవేశపెట్టిన తొక్కుడు యంత్రములో చక్రము ఉండదు. రెండు పెడళ్ళను ఒకదాని తరువాత ఒకటి ముందుకు నెడితే, పడవ అడుగున రెండు రెక్కలు నీటిలో పెంగ్విన్ పక్షి రెక్కలవలె ఇటూ అటూ ఊగి పడవను ముందుకు తోస్తాయి. సైకిలు తొక్కినట్లు మోకాలు పూర్తిగా మడవనవసరము లేదు. అరిగిన మోకాళ్ళకు ఇది సుఖము. తొడల ముందు కండరములకు, పిరుదులకు మంచి శ్రమ. గాలి ఉంటే తెరచాప, గాలి పడిపోతే కాళ్ళు, రెండూ కలిస్తే మరింత వేగము. చేతులు చుక్కానికి, పగ్గమునకు మిగులుతాయి.

నేను పడవ దింపే చోటు కోర్పస్ క్రిస్టీ నగరమునకు దక్షిణమున, పాద్రే ద్వీపములోని బర్డ్ ఐలండ్ బేసిన్. 1962లో జాతీయ సాగరతీరముగా ప్రకటించబడిన ఆ ద్వీపము ఒక సన్నని ఇసుకపట్టీ. దానికి తూర్పున మెక్సికో సింధుశాఖ, పడమట లగూనా మాద్రే అనే ఉప్పుకయ్య. ఆ కయ్యలోని నీరు సముద్రపు నీటికంటె తరచు ఉప్పన. సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ. మధ్యలో ఓడలకై తవ్విన కాలువ, ఆ తవ్విన మట్టి పోసినచోట ఏర్పడిన చిన్న చిన్న మట్టిదిబ్బలు. వేసవిలో అక్కడ కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లలను సముద్రములోనికి వదిలే దృశ్యము చూసినప్పుడు, మన కోస్తాలో ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుర్తుకు వస్తాయి. రెండూ దగ్గరి బంధువులే.

అక్కడ వసంతకాలములో గాలి ఆగ్నేయము నుంచి వీస్తుంది. ఉదయము మెల్లగా మొదలై మధ్యాహ్నమునకు బలపడుతుంది. పడవ దింపే రేవు కయ్యకు తూర్పు గట్టున ఉన్నది. అంటే గాలి మన వెనుక నుంచి, ద్వీపము మీదుగా వచ్చి నీటిమీదకు పోతుంది. ఇందులో ఒక మోసము ఉన్నది. గట్టు దగ్గర నీరు పళ్ళెములో పోసినట్లు ఉంటుంది. అలలు పెరగాలంటే గాలికి నీటిమీద కొంత దూరము కావాలి. గట్టు పక్కన ఆ దూరము లేదు. రేవులో నిలబడి చూసినవారికి అంతా ప్రశాంతమే. అలలన్నీ రెండు మూడు కిలోమీటర్ల అవతల, మనకు వీపు చూపుతూ పోతుంటాయి. నురుగు అలల ముందు పక్కనే ఎక్కువ కనిపిస్తుంది కనుక, వెనుక నుంచి చూసేవారికి అది సరిగా అగుపడదు.

ఆ రోజు వాతావరణ శాఖ వారి సూచన నేను చదివాను. ఉదయము 10, 12 నాట్లు. మధ్యాహ్నము 20 నుంచి 25 నాట్లు. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 10 నాట్ల గాలికి, 20 నాట్ల గాలికి తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. గాలి తోపు దాని వేగపు వర్గమును బట్టి పెరుగుతుంది. ఈ లెక్క నాకు తెలుసు. పన్నెండు గంటలకు తిరిగి వస్తానని నా శ్రీమతికి చెప్పాను. ఆమె ఎప్పటివలె కారులో పుస్తకముతో కూర్చున్నది. మా ఇద్దరికీ ఒక ఒప్పందము ఉన్నది: మూడు గంటలకు నేను కనబడక, నా నుంచి కబురు లేకపోతే, ఆమె అత్యవసర సేవల వారిని పిలవాలి. అనేక సంవత్సరములుగా ఆ మూడు గంటలు ఒక మాటగానే మిగిలినవి.

పదిన్నరకు బయలుదేరాను. నూలు చొక్కా, పొట్టి లాగు, ప్రాణరక్షక కవచము. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గర. చేతి రేడియోను కారులోనే వదిలాను, దూరము పోనుగదా అని. తెరచాప పూర్తిగా విప్పాను.

వెనుకగాలితో పోయేవాడికి గాలి ఎంత ఉన్నదో తెలియదు. గంటకు 30 కిలోమీటర్ల గాలిలో మీరు 10 కిలోమీటర్ల వేగముతో దాని వెంట పోతుంటే, మీ ముఖమునకు తెలిసేది 20 మాత్రమే. అదే గాలిలోకి మీరు తిరిగి గంటకు 6 కిలోమీటర్ల వేగముతో ఎదురు పోతే, తెలిసేది 36. తోపు మూడు రెట్లకు పైన. గాలి ఏమీ మారలేదు, మీరు ముఖము తిప్పారు, అంతే. నేను ఓడల కాలువ దాటి, మట్టిదిబ్బలు దాటి, అవతలి గట్టు వైపు హాయిగా సాగిపోయాను. తెల్ల గూడబాతుల గుంపు ఒకటి నా ముందు వాలింది. వాటిని చూస్తూ మరొక అరగంట. తిరుగుదామని చుక్కాని మలిపేసరికి పన్నెండున్నర అయింది. మలిపిన క్షణములోనే అంతవరకు వీపు చూపిన అలలన్నీ ముఖము చూపాయి. ఎటు చూసినా తెల్లని నురుగు.

ఇక్కడ చేయవలసినది ఏమిటో ముందు చెప్పి, నేను చేసినది తరువాత చెబుతాను.

బలమైన గాలిలో ఈ పడవకు తెరచాప సగము, లేక మూడవ వంతు చాలును. చుట్టవలసిన సమయము, చుట్టాలా అనే ప్రశ్న మనస్సులో పుట్టిన సమయమే. చుట్టేముందు పగ్గము వదలాలి. పెడళ్ళు తొక్కుతూ పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలపాలి. తెరచాప జెండావలె రెపరెపలాడుతూ బరువు కోల్పోయినప్పుడు చుట్టుతాడు లాగాలి. పెడళ్ళు ఉన్నందువలన ఈ పని కూర్చున్నచోటి నుంచే జరుగుతుంది. మామూలు తెరచాప పడవలకు లేని సౌకర్యమిది. గాలిని బట్టి పడవను ఒక పక్క నుంచి మరొక పక్కకు మలిపేటప్పుడు కూడ అంతే. ఈ మూడు తెప్పల పడవ ముక్కు గాలికి ఎదురుగా వచ్చి అక్కడే నిలిచిపోయే గుణము గలది. నాలుగు గట్టి తొక్కులు పడితే మలుపు తిరుగుతుంది.

గాలి దిగువ వైపు ఉన్న పక్కతెప్పను చూస్తూ ఉండాలి. అది నీటిలో సగము మునిగి పరుగెడితే మంచిదే. దాని వీపు మీదుగా నీరు పారుతూ ఉంటే తెరచాప ఎక్కువైనట్లు. అది పూర్తిగా మునిగి, ముక్కు క్రిందికి దిగుతూ ఉంటే వెంటనే పగ్గము వదలాలి. అందువలన ఈదురుగాలిలో పగ్గమును బిగింపులో ఇరికించి ఉంచకూడదు, చేతిలోనే ఉండాలి. చేయి నొప్పి పుడుతుంది, పుట్టనివ్వాలి. ఈ పడవ ఒకసారి తలక్రిందులైతే దాని వెడల్పే దానికి శత్రువు. ఒక పక్కతెప్పను లోపలికి మడిచి, పొట్ట మీదకు ఎక్కి, తాడుతో వెనుకకు లాగి తిప్పాలి. నేను వేసవిలో, నిలకడ నీటిలో, ఒక యువకుని సహాయముతో అభ్యాసము చేశాను. అతడు లేకుండ నా వలన అయ్యేది కాదు.

నేను చేసినది: పగ్గము బిగింపులో ఇరికించి ఉన్నది. తిరిగిన వెంటనే ఒక గాలివిసురు వచ్చింది. పక్కతెప్ప మునిగింది. పగ్గమును ఊడపీకి వదిలాను. అంతవరకు సరే. చుట్టుతాడు లాగాను; నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఎక్కడో చిక్కుపడింది. కూర్చునే ఉండి, తొక్కుతూ, తాడును ఒకసారి వదిలి మళ్ళీ లాగవలసినది. నేను లేచాను. ముందుకు వంగి కొయ్య దగ్గర చిక్కు విడదీద్దామని ఒక మోకాలు పడవ అంచున పెట్టాను. తరువాత నేను నీటిలో ఉన్నాను.

మనిషి పడిపోతే పడవ ఆగదు. తెరచాప రెపరెపలాడుతున్నా సరే, గాలి దానిని మనము ఈదగల వేగము కంటె ఎక్కువగా తోసుకుపోతుంది. పగ్గము కొస నా ఎడమచేతికి చుట్టుకొని ఉన్నది. అది నా తెలివి కాదు, అదృష్టము. నీరు నా రొమ్ము వరకే వచ్చింది. పాదములకు బురద, నీటిగడ్డి తగిలాయి. అదే కోర్పస్ క్రిస్టీ అఖాతములోనైతే కాళ్ళకు ఏమీ తగిలేది కాదు. పడవ వెనుకవైపు నుంచి పాకి ఎక్కడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడవసారి ఎక్కాను. తొడ లోహపు చేతికి గుద్దుకున్నది. మరునాటికి అక్కడ అరచేతి వెడల్పున నల్లగా కమిలింది.

ఇప్పుడు వైద్యము మాట్లాడుతాను. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు వేగముగా శరీరపు వేడిని లాగివేస్తుంది. బాగా చల్లని నీటిలో, ముఖ్యముగా 15 డిగ్రీలకు లోపల, పడిన మొదటి నిమిషములో కలిగేది చలివలన మరణము కాదు. ఆపలేని ఎగశ్వాస కలుగుతుంది, గుండె వేగము, రక్తపుపోటు ఒక్కసారి పెరుగుతాయి. ఆ ఎగశ్వాస తల నీటిలో ఉన్నప్పుడు కలిగితే మునిగిపోవడమే. ఆ పైన పది నిమిషములలో చేతివ్రేళ్ళు మాట వినడము మానుతాయి. శరీరపు లోపలి ఉష్ణోగ్రత ప్రమాదకరముగా పడిపోవడానికి మంచువంటి నీటిలో కూడ గంటకు దగ్గరగా పడుతుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని ఒక నిమిషము, పది నిమిషములు, ఒక గంట అని గుర్తుపెట్టుకోమంటాడు. ఒక నిమిషము శ్వాసను అదుపులోనికి తెచ్చుకోవాలి. పది నిమిషములు చేతులు పనిచేస్తాయి. ఒక గంట స్పృహ ఉంటుంది. ఈ మూడింటిలోను ముఖమును నీటి పైన ఉంచేది ప్రాణరక్షక కవచమే. దానిని పడవలో పక్కన పెట్టుకునేవారు పది నిమిషముల తరువాత దాని పట్టీలు బిగించుకోలేరు.

నాకు జరిగినది అంత తీవ్రమైనది కాదు. నీరు 20 డిగ్రీలు, నేను అందులో ఉన్నది పది నిమిషములలోపు. నన్ను దెబ్బతీసినది ఆ తరువాతి గాలి. తడిసిన నూలు చొక్కా ఒంటికి అతుక్కొని, 20 నాట్ల గాలికి ఆరుతూ ఉంటే, ప్రతి బొట్టు శరీరపు వేడిని తీసుకొని పోతుంది. వయస్సు మళ్ళినవారిలో చర్మపు రక్తనాళములు ముడుచుకొని వేడిని నిలుపుకునే శక్తి, వణుకుతో వేడి పుట్టించే శక్తి తగ్గుతాయి. దాహము కూడ సరిగా తెలియదు. పైగా నేను బీటా బ్లాకరు మందు వాడుతున్నాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనబడే హృదయ లయ భంగము నాకు అప్పుడప్పుడు వస్తుంది. దానికి మెటోప్రొలాల్, రక్తము గడ్డకట్టకుండ ఎపిక్సబాన్. వేలమందికి ఈ మందులు వ్రాసి, ఇవి వాడేవారు చలిలో జాగ్రత్తగా ఉండాలని చెప్పినవాడిని.

తెరచాప ఎట్లాగో పూర్తిగా చుట్టాను. ఇక కాళ్ళే దిక్కు అనుకొని రేవు వైపు, గాలికి సూటిగా ఎదురు తొక్కాను. నలభై నిమిషములు. సాధారణ మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగల శక్తి 75 వాట్లకు అటూ ఇటూ, ఒక పాతకాలపు విద్యుద్దీపమంత. తెరచాప చుట్టినా, కొయ్య, పక్కతెప్పలు, నా శరీరము గాలికి అడ్డమే. ఎదురు అలలు ప్రతి తొక్కును సగము తినివేస్తాయి. రెక్కలకు, చుక్కానికి తేలుతున్న నీటిగడ్డి చుట్టుకుంటుంది. ఆగి తీస్తే ఆ నిమిషములో గాలి వెనుకకు నెట్టుతుంది. చేతి గడియారము చూసుకుంటే నాడి 104. పరవాలేదు అనుకున్నాను. తరువాత తలచుకుంటే సిగ్గు వేసింది. 220లో వయస్సు తీసివేసి గుండెకు గరిష్ఠ వేగము లెక్కించే పద్ధతి బీటా బ్లాకరు వాడేవారికి పనికిరాదు. ఆ మందు పనియే నాడిని పెరగకుండ చూడడము. లయ తప్పే గుండెలో చేతి గడియారపు అంకెనూ నమ్మరాదు. ఇటువంటివారు శ్వాసను చూసుకోవాలి. శ్రమ పడుతూ ఒక పూర్తి వాక్యము పలుకగలిగితే శ్రమ మితముగా ఉన్నట్లు. నేను ఆ సమయములో మూడు మాటలు కూడ కలిపి పలుకలేకపోయేవాడిని.

తల ఎత్తి చూస్తే కాలువ గుర్తుకై పాతిన స్తంభము, నలభై నిమిషముల క్రిందట ఉన్నచోటనే, నా ఎడమపక్కన ఉన్నది.

ఆ తరువాతది నన్ను నిజముగా భయపెట్టినది. ఊడిపోయిన సీసాను పడవకు కట్టబోయాను. చిన్ననాటి నుంచి వేస్తున్న ముడి. తాడు రెండు కొసలు రెండు చేతులలో పట్టుకొని, ఏది దేని మీదుగా పోవాలో తెలియక వాటివంక చూస్తూ ఉండిపోయాను. వణుకుతున్నాను, మాట తడబడుతున్నది, వ్రేళ్ళు తడబడుతున్నాయి, ఆలోచన తడబడుతున్నది. ఇవి శరీరపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల వైపు జారుతున్నప్పటి గుర్తులని వైద్య విద్యార్థులకు నేను చెప్పేవాడిని. ఇందులోని కష్టమేమిటంటే, గుర్తుపట్టవలసిన మెదడే ముందు మందగిస్తుంది. మరి కొంచెము సేపు అయితే నేను దానిని గుర్తుపట్టి ఉండేవాడిని కాదు. వణుకు తగ్గిపోతే హాయిగా ఉన్నదని కూడ అనుకొని ఉండేవాడిని; తడి ఆరకుండానే, వెచ్చదనము దొరకకుండానే వణుకు ఆగిపోవడము మంచి గుర్తు కాదు.

ఆ క్షణములో నాకు గుర్తు వచ్చినది వైద్య గ్రంథము కాదు, కోటిపల్లి రేవు. చిన్నతనములో గోదావరి దాటి ముక్తేశ్వరము వైపు పోయేటప్పుడు, నీలిమేఘము ఇంకా దూరాన ఉండగానే పడవ నడిపే పెద్దాయన తెరచాప దించివేశాడు. పెళ్ళివారు తొందర పడుతున్నారు. 'ఇంకా గాలే రాలేదుగదయ్యా' అని మా మేనమామ విసుక్కున్నాడు. ఆయన జవాబు చెప్పకుండ గెడ వేసుకుంటూ పడవను దగ్గరి లంకకు చేర్చి, ఇసుకలో కూర్చొని చుట్ట ముట్టించాడు. గాలి వచ్చిందో రాలేదో నాకు జ్ఞాపకము లేదు. ఆయన దగ్గరి లంకకు పోవడము మాత్రము జ్ఞాపకము ఉన్నది.

రేవు నాకు మూడు కిలోమీటర్లకు పైన ఉన్నది. దగ్గరి మట్టిదిబ్బ అర కిలోమీటరు లోపల, కొంచెము దక్షిణముగా. రేవును వదులుకున్నాను. తెరచాపను దుప్పటి కొంగంత మాత్రము విప్పి, గాలికి ఏటవాలుగా పడవను పెట్టి, దానితో పాటు తొక్కాను. మొదటి నుంచీ చేయవలసినది ఇదే. సూటిగా ఎదురు తొక్కితే కదలని పడవ, చిన్న తెరచాపముక్క, కాళ్ళు కలిసి ఒకసారి ఇటు, ఒకసారి అటు ఏటవాలుగా నడిస్తే మెట్లెక్కినట్లు గాలికి ఎగబ్రాకుతుంది. ముప్పది నిమిషములలో దిబ్బ చాటుకు చేరాను. చాటున గాలి సగము చచ్చింది. అది పక్షులు గూళ్ళు కట్టే కాలము. కొంగలు పెద్ద గోల చేశాయి. వాటిని బెదరకొట్టకుండ నీటి అంచునే కూర్చున్నాను. తడి చొక్కా విప్పి, పడవ అరలో ఉన్న పాత వానకోటు వేసుకున్నాను. బెల్లపు వేరుసెనగ చిక్కీలు రెండు ఉన్నాయి, తిన్నాను. వణుకుకు ఇంధనము కావాలి, చక్కెర ఆ ఇంధనము.

టెలిఫోను నీరు చొరని సంచిలో ఉన్నది. గంట రెండు నలభై. ఉప్పునీటి వ్రేలిని ఆ గాజు పలక గుర్తించలేదు. సంచి నుంచి తీశాను, తుడవడానికి పొడిగుడ్డ లేదు. వానకోటు లోపలి అంచుకు తుడిచి, ముక్కుతో నొక్కాను. నవ్వవలసిన పని లేదు, ముక్కు పనిచేసింది.

"ఎక్కడున్నారు?" అన్నది ఆమె. చెప్పాను. నా మాట ముద్దగా ఉన్నదని ఆమె గ్రహించింది. "మీ మాట బాగులేదు. ఉన్నచోటునుంచి కదలకండి. నేను పిలుస్తున్నాను" అన్నది. అవసరము లేదు, గాలి తగ్గాక వస్తానన్నాను. ఆమె అప్పటికే టెలిఫోను పెట్టివేసింది. ఆమె నిర్ణయము సరియైనది. వద్దన్న నా బుద్ధి చలితో మందగించిన బుద్ధి. ఇటువంటి సమయములో చలిలో ఉన్నవాడి మాట వినరాదు.

పిలిచిన వారు రాకముందే, రేవులో ఆమె మాట విన్న ఇద్దరు జాలరి దంపతులు తమ మోటారు పడవలో వచ్చారు. నన్ను తమ పడవలో గాలికి చాటుగా కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, తియ్యని కాఫీ ఇచ్చారు. నా పడవను వెనుక కట్టి మెల్లగా లాగారు. ఆ తల్లి నా చేతులు రుద్దబోతే వద్దని చెప్పాను. మీకూ చెబుతున్నాను, చలికి కొయ్యబారిన వారి చేతులు, కాళ్ళు రుద్దకూడదు, సారాయము ఇవ్వకూడదు. తడిబట్టలు తీసి, పొడిబట్టలు కప్పి, స్పృహ బాగా ఉంటేనే వెచ్చని తియ్యని పానీయము ఇవ్వాలి. చల్లని నీటిలో చాలా సేపు ఉన్నవారిని పైకి తీసేటప్పుడు నిలువుగా లేవనెత్తక, వీలైనంత వరకు అడ్డముగా తీసి పడుకోబెట్టాలి. నీటి ఒత్తిడి తొలగగానే రక్తపుపోటు పడిపోయి, రక్షింపబడిన తరువాత మరణించినవారు ఉన్నారు.

ఇప్పటికీ పడవ వేస్తున్నాను. 15 నాట్లకు పైన సూచన ఉంటే వేయను. ముందు గాలికి ఎదురుగా, ద్వీపపు గట్టు వెంబడి దక్షిణముగా పోతాను. అలసిన తరువాత గాలి నన్ను ఇంటికి తెస్తుంది. తెరచాప సగము చుట్టే రేవు వదులుతాను, చాలకపోతే విప్పుకోవచ్చు. గాలికి కాదు, నీటికి తగిన బట్టలు కడతాను. నూలు కాకుండ ఈదేవారు వేసుకునే మందపు రబ్బరు దుస్తులు. ఒక పట్టీ నన్ను పడవకు కట్టి ఉంచుతుంది, ఒక్క లాగుతో ఊడేటట్లుగా. వెనుకగాలిలో పోయేటప్పుడు ఒక పెడలును పూర్తిగా ముందుకు నెట్టి రెక్కలను పడవ అడుగుకు అంటించి ఉంచుతాను, నీటిగడ్డి పట్టదు. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు, రక్తపుపోటుకు మూత్రమును పెంచే మందులు వాడేవారు ఇటువంటి వ్యాయామము మొదలుపెట్టే ముందు తమ వైద్యునితో మాట్లాడండి. రక్తము గడ్డకట్టకుండ మందు తీసుకునేవారు తలకు దెబ్బ తగిలితే, ఏమీ లేనట్లు ఉన్నా, ఆ రోజే చూపించుకోండి.

మా ఒప్పందములో మూడు గంటలు ఒంటిగంటగా మారింది. అది నా శ్రీమతి మార్చినది; నన్ను అడగలేదు. రేడియో ఇప్పుడు కారులో ఉండదు, నా కవచపు ఎడమ భుజమున తగిలించి ఉంటుంది. రేపు ఉదయము గాలి 10 నాట్లట. ఈ మాటలు వ్రాస్తున్నప్పుడు అది వంటగది గట్టు మీద, మిక్సీ పక్కన, ఛార్జి అవుతున్నది.